అరశ్రుతి తేడా

పుట్టిన దగ్గర్నుంచి ఖాళీ లేకుండా మాట్లాడుతున్న నా నోరు కట్టెయ్యగల చోటు లోకంలో ఒక్కటే ఉంది, పళ్ళ డాక్టరు కుర్చీ. పోయిన నెల సిడ్నీలో, పెండిల్ హిల్‌లో ఆ కుర్చీలో వెల్లకిలా పడుకుని, నోట్లో గొట్టాలూ దూదీ పెట్టించుకుని, పైకప్పుకు అంటించిన సముద్రం బొమ్మ చూస్తున్నాను. ఎక్కడో దాచిపెట్టిన స్పీకరులోంచి సన్నగా క్లారినెట్ మొదలైంది. రెండు వందల ఏళ్ళ కిందట ఐరోపాలో ఎవరో మహానుభావుడు రాసిపెట్టిన కన్చెర్టో అది. కన్చెర్టో అంటే మరేం లేదు, ఒక్క వాయిద్యం ముందు నిలబడి కబుర్లు చెబుతుంటే వెనక ఫిడేళ్ళన్నీ ఊకొట్టడం. అందులో మూడు భాగాలుంటాయి. మొదటిదీ చివరిదీ పరుగులు పెడతాయి, నడిమిది మాత్రం భోంచేసి పడక్కుర్చీలో వాలిన మనిషిలా ఉంటుంది. నాకు వినబడింది ఆ నడిమి భాగం. రెండు నిమిషాల్లో నా కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి దిగాయి. డాక్టరమ్మ కంగారుపడి, "ఆర్ యూ ఓకే, ఆంటీ?" అంటూ ఇంకో సూది పొడిచింది. నొప్పి కాదే తల్లీ, మా మావయ్య అని చెబుదామంటే ఆమె రెండు చేతులూ నా నోట్లోనే ఉన్నాయి. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతున్నాను. ఒక్క మనవి. నా కబుర్లలో గుర్రాలూ పక్షులూ వచ్చిన చోట కాస్త తగ్గించుకుని వినండి. మనుషులు వచ్చిన చోట తగ్గించకండి.

ఎనభైలు వెళ్ళి తొంభైలు వచ్చిన కొత్తలో నేను అకౌంటెన్సీ చదవడానికి సిడ్నీ వచ్చి మావయ్య ఇంట్లో దిగాను. మా అమ్మకు తమ్ముడు. అత్తయ్య నర్సు. ఉద్యోగం ఆవిడకు వచ్చింది, ఆవిడ వెనక పెట్టె మోసుకుంటూ మావయ్య వచ్చాడు. అదే ఆస్పత్రిలో రోగుల్ని బండిమీద ఈ వార్డు నుంచి ఆ వార్డుకి తోసే పని ఆయనది. "నా బండెక్కినవాడు ఇంతవరకూ ఒక్కడూ దారి తప్పలేదే" అని గొప్పగా చెప్పుకునేవాడు. వాళ్ళకు పిల్లల్లేరు. అందుకని ఆ రేకుల గోడల ఇంట్లో పిల్ల హోదా నాకు ఇరవై రెండేళ్ళ వయసులో దక్కింది. వెనక ఒక వరండా, నిమ్మచెట్టు, గొడుగులా గిరగిరా తిరిగే బట్టల తీగ. ఆ తీగమీద అత్తయ్య తెల్ల యూనిఫారాలు, వాటి మధ్య బిక్కుబిక్కుమంటూ మావయ్య గళ్ళ లుంగీ.

పెళ్ళికి ముందు మావయ్య తెనాలి వైపు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. ఎర్రకోటు, భుజాలమీద జరీ కుచ్చులు, నెత్తిన దీపాలు మోసేవాళ్ళ నడుమ పెళ్ళికొడుకు కారుకు ముందు నడుస్తూ వాయించడం. ఒకసారి ఊరేగింపులో ఈయన పల్లవి అందుకుంటే పెళ్ళికొడుకు ఎక్కిన గుర్రం కాలు కదపనందట, పాట పూర్తయ్యేదాకా ముహూర్తం ఆగిందట. ఇది మావయ్య చెప్పింది, గుర్రం సాక్ష్యం లేదు. అత్తయ్య వాళ్ళ నాన్నగారు పాస్టరు. ఊళ్ళో ఆయన ఎదురొస్తే సైకిలు దిగని మనిషి లేడు. సంబంధం మాట్లాడడానికి వెళ్ళినప్పుడు ఆయన ఒక్కటే అడిగారట: "పెళ్ళిళ్ళ ముందు నడిచేవాడికి పిల్లనిస్తే నా పిల్ల ఎక్కడ నడవాలి?" ఆ వారమే మావయ్య క్లారినెట్టు బ్యాండు మాస్టారికి అప్పగించేశాడు. అత్తయ్యమీద ఆయనకున్న ఇష్టం అలాంటిది. కానీ ఒక ముల్లు మాత్రం లోపలే ఉండిపోయింది. "పదేళ్ళు వాయించానే పిల్లా. జనం చూశారు, తోసుకున్నారు, చిల్లర విసిరారు. ఒక్కడు కూర్చుని వినలేదు" అనేవాడు.

సిడ్నీలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ గ్యారేజీలో సామాన్లు అమ్ముతుంటే, టోస్టరు కొందామని వెళ్ళి పాత క్లారినెట్టుతో తిరిగొచ్చాడు. అత్తయ్య దాన్ని చూసి, "టోస్టరేదండీ?" అంది అంతే. ఆ తర్వాత మా ప్రాంతం వాళ్ళంతా కలిసి నడిపే బ్యాండులో చేరాడు. శనివారాలు స్కౌట్ల రేకుల హాల్లో సాధన. ఏటా వసంతకాలంలో, అంటే ఈ దేశంలో సెప్టెంబరు చివర్లో, వాళ్ళకొక కచేరీ ఉంటుంది. అందులో బ్యాండులో ఒకళ్ళు ముందుకొచ్చి ఒంటరిగా ఒక పెద్ద రచన వాయించాలి, బ్యాండు నడిపే పెద్దావిడ పియానోమీద తోడు వాయిస్తుంది. ఆ ఏడు ఆ అవకాశం తనకు రావాలని మావయ్య కోరిక. సెప్టెంబరులో ఆవిడ విని తేల్చి చెబుతానంది. "కుర్చీలు వేస్తారే! వరసగా కుర్చీలు! ముందు వరసలో మీ అత్తయ్య కూర్చుంటుంది. నేనేం వదులుకున్నానో ఒక్కసారి కూర్చుని వింటుంది" అన్నాడు. ఆయన ఇంకేదీ అంత ఆశగా చెప్పగా నేను వినలేదు.

చిక్కల్లా ఒకటే. మావయ్యకు నొటేషను చదవడం రాదు, చెవితో పట్టడమే. అందుకని లైబ్రరీకి వెళ్ళి ఆ కన్చెర్టో క్యాసెట్లు తెచ్చుకున్నాడు. ఒకటి కాదు, నలుగురు విద్వాంసులు వాయించినవి నాలుగు. మొదటి ఆదివారం నాలుగూ విని నీరుగారిపోయాడు. "ఇదేంటే? నలుగురూ ఒక్కటే వాయించారు! ఒక సంగతి ఎక్కువ లేదు, తక్కువ లేదు." మన దగ్గర ఒకే కీర్తన ఇద్దరు వాయిస్తే ఎవరి సంగతులు వాళ్ళవి. ఇక్కడ కాగితంమీద ఉన్నది తప్ప గీత దాటకూడదు. మరి ఒకడు వాయించాక ఇంకొకడు మళ్ళీ ఎందుకు వాయించినట్టు? రెండు వారాలు రోగుల్ని తోస్తూ ఇదే ఆలోచించాడట. మూడో ఆదివారం స్నానాల గదిలోంచి తలమీద సబ్బు నురుగుతో బయటికొచ్చి, "ఊపిరే! తేడా అంతా ఊపిరిలో ఉంది" అని అరిచాడు. ఆ రోజే ఒక గీతల నోటుబుక్కు కొని నాలుగు పేర్లు రాశాడు, అసలు పేర్లు పలకడం కష్టమని తను పెట్టినవి. నేతివాడు, డ్రిల్లు మాస్టారు, ఏడుపు బాబు, పాతచెక్క.

ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి, పప్పుచారూ వేపుడూ తిని, వరండాలో టేప్ రికార్డరు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. వెనక్కి తిప్పడం, ఆపడం నా పని. ఊపిరి తీసిన చోటల్లా చిన్న గీత పెట్టడం మావయ్య పని. నేతివాడి స్వరాలు వేడన్నంమీద నెయ్యి పోసినట్టు ధార తెగకుండా పడేవి. వాడు ఊపిరి ఎక్కడ తీస్తున్నాడో మూడు ఆదివారాలు వెతికినా దొరకలేదు. "వీడికి మొప్పలున్నాయే" అన్నాడు మావయ్య. డ్రిల్లు మాస్టారు ప్రతి వాక్యం చివరా అటెన్షన్లో నిలబడి ఊపిరి తీసేవాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు, గుర్తుంచుకోవడానికీ ఏమీ లేదు. ఏడుపు బాబు ప్రతి స్వరాన్నీ వణికించేవాడు. "ఎవరు పోయారో చెప్పకముందే ఏడుస్తాడేంటే వీడు" అని విసుక్కునేవాడు. నాలుగోవాడు ఆ రచన పుట్టిన కాలం నాటి చెక్క క్లారినెట్టుమీద వాయించాడు. మీటలు టకటకమంటాయి, గొంతు కొంచెం జీరగా ఉంటుంది, ఊపిరి తీస్తే మన చెవి పక్కనే తీసినట్టుంటుంది. మావయ్య మొదట నవ్వాడు. తర్వాత తర్వాత ఎక్కువసార్లు పెట్టమన్నది దాన్నే.

ఆ నడిమి భాగంలో ఒక చోటుంది. మొదట్లో వచ్చిన వరస ఎక్కడెక్కడో తిరిగి, అడుగు గొంతులోకి మెట్లు దిగి, మళ్ళీ పుట్టింటికొచ్చినట్టు మొదటికి వస్తుంది. వచ్చేది గట్టిగా కాదు, తలుపు చాటునుంచి పిలిచినంత మెల్లగా. నలుగుర్నీ అక్కడే తూచేవాడు మావయ్య. నేతివాడు అక్కడ ఉన్నాడో లేడో అన్నంత సన్నబడతాడు. డ్రిల్లు మాస్టారు సరిగ్గా సగం తగ్గిస్తాడు. ఏడుపు బాబు సంగతి సరేసరి. పాతచెక్క మాత్రం ఆ మాట మొదలుపెట్టబోయే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. "వినవే, ఆ ఆగడంలో ఉంది" అని మావయ్య వేలెత్తేవాడు. చలికాలపు ఎండ వరండా చెక్కలమీద పిల్లిలా ఒత్తిగిలి పడుకునేది. నిమ్మచెట్టుమీద మాగ్‌పై పిట్ట ఈలలు ఆపి తల వంచేది. ఆగస్టు కల్లా అది ఆ వరస మొదటి నాలుగు స్వరాలూ నేర్చి పక్కింటివాళ్ళ గోడమీద పాడుతుండేది. క్యాసెట్టు గరగరా, దూరంగా రైలూ, క్లారినెట్టూ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయి, నేను తెనాలి కాలవ గట్టుమీద ఉన్నానో సిడ్నీ వరండాలో ఉన్నానో తెలియకుండా కళ్ళు మూతలు పడేవి. లేచి సిగ్గుపడితే మావయ్య సంతోషించేవాడు. "నువ్వు ఎవడి దగ్గర నిద్రపోతే వాడు బాగా వాయించినట్టు. డ్రిల్లు మాస్టారి దగ్గర ఒక్కసారైనా కునికావా?" అని నోటుబుక్కులో నా నిద్రలు కూడా రాసుకునేవాడు.

జూన్లో మావయ్య సాయానికని బ్యాండులో పక్క కుర్చీ ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాడు. ఫిజీ నుంచి వచ్చిన తెలుగాయన. ఎనభై ఏడులో అక్కడ సైన్యం గద్దెనెక్కిన గొడవల తర్వాత ఇల్లూ చెరకు పొలమూ వదిలి కుటుంబంతో వచ్చేశారు. వాళ్ళ తాత విశాఖ జిల్లా నుంచి ఓడెక్కినప్పటి తెలుగే ఆయన నోట్లో ఉంది, మధ్య మధ్య హిందీ పోపు. మావయ్యకు అన్నయ్య, నాకు ఫిజీ అంకుల్. అక్కడి రాజధాని సువాలో ముప్పై ఏళ్ళు క్లారినెట్ వాయించాడు, కాగితం చూసి ఏదైనా వాయించేస్తాడు. ఆ కన్చెర్టో అచ్చు కాగితం సంపాదించి తెచ్చాడు. ఆయన తన క్లారినెట్టుమీద రెండు వరసలు వాయించాక, క్యాసెట్టు పెట్టాం. మావయ్య మొహం ముడుచుకుపోయింది. రెండూ కలవడం లేదు. క్యాసెట్టు అరశ్రుతి కిందుంది, హార్మోనియంమీద పక్కపక్క మెట్ల మధ్య ఉండేంత తేడా. నేతివాడు, డ్రిల్లు మాస్టారు, ఏడుపు బాబు ముగ్గురూ సరిగ్గా అరశ్రుతి తక్కువ. పాతచెక్క ఇంకాస్త తక్కువ.

"ఏటి తమ్ముడూ, నీ డబ్బా నీరసంగా పాడతంది" అన్నాడు ఫిజీ అంకుల్.

"నాలుగు క్యాసెట్లూ తక్కువున్నాయంటే డబ్బాదే దోషం అన్నయ్యా. మోటారు మందగించినట్టుంది."

"మరి నా కాగితం అబద్దం సెప్పదు గదా. తిప్పేయ్ మరని. బస్."

వాళ్ళిద్దరి తర్కంలో నాకూ లోపం కనబడలేదు. క్యాసెట్టు నెమ్మదిగా తిరిగితే గొంతు బరువెక్కుతుంది, జోరుగా తిరిగితే సన్నబడుతుంది. టేప్ రికార్డరు వెనక చిన్న కన్నంలో మోటారు వేగం మార్చే మర ఒకటుంటుంది. మావయ్య కళ్ళద్దాలు రిపేరు చేసుకునే స్క్రూడ్రైవరు దాంట్లో పెట్టి, ఫిజీ అంకుల్ ఒకే స్వరం పట్టుకుని నిలబడితే, శ్రుతి కలిసేదాకా వెంట్రుకవాసి చొప్పున తిప్పాడు. కలిసింది. ముగ్గురం చప్పట్లు కొట్టాం. పాతచెక్క ఒక్కడే ఇంకా కొంచెం కిందుండిపోయాడు. లైబ్రరీ క్యాసెట్టు సాగిపోయి ఉంటుందని వాణ్ణి క్షమించారు. మావయ్య ఆ రోజునుంచి తన క్లారినెట్టు, క్యాసెట్టు కలిపి జంటగా సాధన మొదలుపెట్టాడు.

ఆ ఇంట్లో టేప్ రికార్డరు అదొక్కటే. నెలకోసారి అత్తయ్య వాళ్ళ నాన్నగారు ఉత్తరానికి బదులు క్యాసెట్టు పంపేవారు. చూపు ఆనక రాయడం మానేశారు, ఊళ్ళో ఆయన ఇంట్లో ఫోను లేదు. మంచంమీద కూర్చుని, ఎవరికి పెళ్ళయిందో, ఏ కొబ్బరిచెట్టు పడిందో, కోళ్ళు ఎన్ని మిగిలాయో చెప్పి చివర్న ప్రార్థన చేసేవారు. అంతకుముందు చలికాలం నుంచీ ఆయనకు గుండె నీరసం. మేలో వచ్చిన క్యాసెట్టులో గొంతు బాగా దిగిపోయిందని అత్తయ్య దిగులుపడి సెప్టెంబరుకి సెలవు పెట్టుకుంది. జూన్ చివర్లో వచ్చిన క్యాసెట్టు వంటింట్లో పెట్టి, గరిటె పట్టుకుని వింటూ ఒక్కసారి వెనక్కి తిరిగింది. "ఏమండీ, విన్నారా? నాన్న గొంతు! మందులు పడ్డాయి. మాటకీ మాటకీ ఎడం తగ్గింది చూడండి. పదేళ్ళు వెనక్కెళ్ళినట్టు లేదూ?" జులైదీ అంతే, ఆగస్టుదీ అంతే. ఆవిడ మొహం వెలిగిపోతుంటే మాకూ సంతోషంగా ఉండేది. ఆ గొంతు ఎందుకు తేలికపడిందో మా ముగ్గురిలో ఒక్కళ్ళ బుర్రకూ తట్టలేదు. క్లారినెట్టుకు తిప్పిన మర మనుషులకు తగులుతుందని ఎవరనుకుంటారు? సెప్టెంబరు సెలవు రద్దు చేసేసింది అత్తయ్య. "డిసెంబరులో వెళ్తాను, నాన్నతో క్రిస్మస్ చేసుకోవచ్చు. మీ కచేరీ కూడా చూసి వెళ్ళొచ్చు" అంది. మావయ్య ఆ రోజు నిమ్మచెట్టుకు కూడా నీళ్ళు పోశాడు.

సెప్టెంబరు మొదటి శనివారం మధ్యాహ్నం, స్కౌట్ల హాలు. ఖాళీ హాల్లో ఒక పియానో, దాని ముందు బ్యాండు నడిపే పెద్దావిడ. రిటైరైన స్కూలు టీచరు, చేతికి ఎప్పుడూ సుద్దముక్క ఉన్నట్టే వేళ్ళు రుద్దుకునేది. ఫిజీ అంకుల్, నేను గోడకు ఆనుకుని నిలబడ్డాం. మావయ్య నీలం కోటు వేసుకున్నాడు. ఆ నడిమి భాగంలో పియానో, క్లారినెట్టు ఒకేసారి మొదలవుతాయి. మొదలయ్యాయి. అబ్బ! పెళ్ళివారి మేళం, చావు మేళం ఒకే సందులో ఎదురుపడితే అలా ఉంటుంది. అరశ్రుతి తేడా అంటే అంత నరకం. మావయ్య ఆపేసి, ఎంతో మర్యాదగా, "మేడమ్, మీ పియానో శ్రుతి తగ్గింది" అన్నాడు.

ఆవిడ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "ఓ లవ్, పియానో బాగానే ఉంది" అని ఫిజీ అంకుల్ తెచ్చిన కాగితం పైమూలన వేలు పెట్టింది. క్లారినెట్లు రెండు రకాలుంటాయట. ఒకటి మామూలుగా బ్యాండ్లలో వాడేది, ఇంకొకటి బెత్తెడు పొడుగుది. అదే కాగితం, అవే వేళ్ళు, కానీ పొడుగుదాంట్లో శబ్దం అరశ్రుతి కింద పలుకుతుంది. ఈ కన్చెర్టో రాసింది పొడుగుదానికి. పాతచెక్క ఇంకా కిందుండడం కూడా తప్పు కాదు, ఆ కాలంలో శ్రుతి అంతేనట. ఫిజీ అంకుల్ టోపీ తీసి నెత్తి కొట్టుకున్నాడు. "ముప్పై ఏళ్ళు కాగితం సదివినాను తమ్ముడూ. మూలన ఏం రాసుందో సూడనేదు. మన దగ్గర బ్యాండులో అందరికీ ఒకటే కర్ర గదా!"

పెద్దావిడ బీరువాలోంచి పొడుగు క్లారినెట్టు తీసి ఇచ్చింది. మావయ్య మళ్ళీ మొదలుపెట్టాడు. వేళ్ళు అవే, గొంతు మాత్రం లోతుకు దిగింది. ఆ తలుపు చాటు పిలుపు దగ్గరికొచ్చేసరికి నాకు తెలియకుండానే గోడకు తల ఆనించేశాను. అయిపోయాక ఆవిడ కాసేపు పియానో మూతమీద చెయ్యి పెట్టుకుని కూర్చుని, "మేట్, సోలో నీదే" అంది. ఫిజీ అంకుల్ ఎగిరి గంతేశాడు. మావయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు.

కారులో కూర్చున్నాక తాళం తిప్పలేదు. "పిల్లా, క్యాసెట్లన్నీ మొదట్నుంచీ నిజమే చెప్పాయి. డబ్బా బాగానే ఉంది" అన్నాడు. నాకు అప్పటికీ వెలగలేదు. "మరి మా మావగారి గొంతు?" అన్నాడు. అప్పుడు వెలిగింది. కారు తాళం వేళ్ళ మధ్య తిప్పుతూ, "చెబితే మీ అత్తయ్య వెళ్ళిపోతుంది. చెప్పకపోతే ముందు వరసలో కూర్చుంటుంది" అన్నాడు. నన్నేమీ అడగలేదు. జీవితంలో నేను మాట్లాడకుండా ఊరుకున్న అతి కొద్ది సందర్భాల్లో అదొకటి. ఇంటికి ఎప్పుడూ పది నిమిషాలే, ఆ రోజు ఆయన రైలు గేటు తీసి ఉన్నా ఆగాడు.

అత్తయ్య సాయంత్రం డ్యూటీకి యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటోంది. మావయ్య కళ్ళద్దాల స్క్రూడ్రైవరు పట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డాడు.

"మళ్ళీ ఏం విప్పుతున్నారండీ?"

"మీ నాన్నగారి గొంతు అంత బాగా లేదే. నేను బాగుచేశాను" అన్నాడు. తర్వాత అంతా చెప్పాడు, ఒక్క ముక్క దాచకుండా. నేనైతే కనీసం రెండు చోట్ల అందంగా మార్చేదాన్ని.

"ఎప్పట్నుంచి?"

"జూన్ నుంచి."

"ఆ మర వెనక్కి తిప్పండి" అంది. తిప్పాడు. ఆగస్టు క్యాసెట్టు పెట్టాడు. అవే కోళ్ళు, అదే కొబ్బరిచెట్టు. కానీ గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. ఒక్కో మాటా ఒక్కో మెట్టెక్కి ఆగి మళ్ళీ ఎక్కుతున్నట్టుంది. అత్తయ్య కళ్ళు తుడుచుకోలేదు. యూనిఫారం జేబుకు తగిలించిన నర్సుల గడియారం అరచేతిలోకి తీసుకుని, నిండా ఒక నిమిషం తండ్రి ఊపిర్లు లెక్కపెట్టింది. రోజూ వార్డులో చేసే పనే. అంకె మాకు చెప్పలేదు. నేను ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపాను.

"డిసెంబరు దాకా ఆగరు నాన్న" అంది. గడియారం వదిలేసి, "మీ కచేరీ ఎప్పుడు?"

"ఇంకా మూడు వారాలుంది."

"నేనుండనేమో."

"తెలుసు. టికెట్టు కనుక్కొస్తాను" అన్నాడు మావయ్య, కారు తాళాలకోసం జేబులు తడుముకుంటూ. తాళాలు చేతిలోనే ఉన్నాయి.

ఆ వారంలోనే ఆవిడ వెళ్ళిపోయింది. మావయ్యను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆయనకు తేలిగ్గా ఉండేది. కచేరీ రోజు హాల్లో నిజంగానే వరసగా కుర్చీలు వేశారు. పెద్ద పెద్ద టీ పాత్రలు, కొబ్బరి పొడిలో దొర్లించిన కేకులు, టోపీలు పెట్టుకున్న ముసలమ్మలు. ముందు వరస నడిమి కుర్చీమీద ఫిజీ అంకుల్ తన కోటు వేసి ఉంచాడు. ఎవరొచ్చి అడిగినా, "మా తమ్ముడి భార్యది" అని చెప్పి పంపేశాడు. మావయ్య పొడుగు క్లారినెట్టు పట్టుకుని నిలబడ్డాడు, కదలకుండా. ఆ తలుపు చాటు మాట ముందు ఆగాడు, పాతచెక్కకంటే ఇంకో రెప్పపాటు ఎక్కువ. హాల్లో ఒక్క దగ్గు లేదు. చివరి స్వరం ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియక కాసేపు చప్పట్లు కూడా రాలేదు, వచ్చాక ఆగలేదు. ఇంటికొచ్చేటప్పుడు, "అందరూ కూర్చునే విన్నారు కదా మావయ్యా" అన్నాను. "విన్నారే. బాగా విన్నారు" అన్నాడు. క్లారినెట్టు పెద్దావిడకు ఆ సాయంత్రమే తిరిగి ఇచ్చేశాడు.

తర్వాతి ఆదివారం భోజనాలయ్యాక ఫోను మోగింది. అత్తయ్య. మిషన్ ఆస్పత్రి ఆఫీసు గదిలోంచి. నాన్నగారిని అక్కడే చేర్చారు. గరగరల మధ్య ఆవిడ మాట మాకు వినబడడానికి కాస్త సమయం పడుతోంది. నేనూ మావయ్యా రిసీవరుకు చెరొక పక్క చెవి ఆనించాం.

"ఎలా జరిగిందండీ?"

"బాగానే. చప్పట్లు కొట్టారు."

"నాన్న పక్కనే ఉన్నారు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చాను. మీరేం వాయించారని అడుగుతున్నారు. చెప్పాను, ఆయనకు అర్థం కాలేదు. వాయించండి."

"ట్రంకు కాల్లోనా?"

"వాయించండి. నేనూ వినలేదుగా."

మావయ్య తన పాత క్లారినెట్టు తెచ్చుకున్నాడు, అరశ్రుతి పైన పలికేది. పియానో లేదు, ఫిడేళ్ళు లేవు. పోల్చి చూసుకోవడానికి క్యాసెట్టు లేదు. ఏ శ్రుతైతేనేం, పక్కన కలపవలసినవాళ్ళు ఎవరూ లేరు. నేను రెండు చేతులతో రిసీవరు క్లారినెట్టు మూతి దగ్గర పట్టుకున్నాను. వరండాలో వసంతకాలం ఎండ. మావయ్య కళ్ళు మూసుకుని మొదటి స్వరం ఊదాడు. ఏడు నిమిషాలో ఎనిమిదో. చేతులు తిమ్మిరెక్కి మొద్దుబారాయి, దించలేదు. పిట్ట సంగతి నేను చెప్పను, చెప్పినా మీరు నమ్మరు. ఆయన ఊపిరి ఎక్కడ తీశాడో నేను చూడలేదు.

అయిపోయింది. ఫోన్లో ఒట్టి గరగర. లైను తెగిందేమోనని మావయ్య రిసీవరు లాక్కుని, "హలో, హలో" అన్నాడు. "ఉన్నాం" అంది అత్తయ్య. తర్వాత ఎవరో రిసీవరు చేతులు మార్చుకున్న చప్పుడు. ఒక ముసలి గొంతు, దిద్దనిది, దాని సొంత నడకలో.

"బాబూ... పెళ్ళిళ్ళలో... నడుస్తూ వాయించేది... ఇదేనా?"

"కాదండీ. ఇది నిలబడి వాయించేదండీ."

చాలాసేపు ఊపిరి శబ్దం.

"అయితే... మళ్ళీ... మొదట్నుంచి."

మావయ్య మళ్ళీ మొదట్నుంచి వాయించాడు. ఆ నవంబరులో పాస్టరుగారు పోయారు, క్రిస్మస్ చూడలేదు. అత్తయ్య చివరిదాకా దగ్గరే ఉంది. వచ్చాక ఆ రోజు సంగతి ఒక్కసారే చెప్పింది. రెండోసారి వాయిస్తున్నప్పుడు ఆస్పత్రి గుమాస్తా కూడా లేచి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడట. ఇప్పుడు మావయ్య లేడు, అత్తయ్య లేదు, ఆ ఇల్లు పడగొట్టి అక్కడ రెండు కట్టారు. కాలం గడిచిపోతుందని అందరూ అంటారు గానీ, నాకలా అనిపించదు. ఆ మధ్యాహ్నం ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. దాంట్లోంచి ఒక్కొక్కళ్ళం లేచి వచ్చేసింది మనమే.